ఆఫీసు కంప్యూటర్లలో మనకి కావాల్సినవి తప్ప ఇంకే సాఫ్ట్‌వేరూ నడవకుండా చేయాలంటే ఎట్టా?

గ్రానైట్_ఒంగోలు:

అందరికీ నమస్తే. మాది చీమకుర్తి దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీ, అకౌంట్స్ ఆఫీసేమో ఒంగోల్లో. రెండు చోట్లా కలిపి 19 కంప్యూటర్లు, అన్నిటికీ నేనొక్కణ్ణే. విండోస్ 10 ప్రో 11, విండోస్ 11 ప్రో 6, ఒకటి హోమ్ ఎడిషన్, ఇంకోటి కట్టర్ మెషిన్ పక్కనుండే పాత విండోస్ 7. అన్నిటినీ ఒక్క చోట నుంచి నడిపే డొమైన్ సర్వర్ లాంటివి ఏం లేవు, అన్నీ వర్క్‌గ్రూపే, అంటే దేని సెట్టింగ్స్ దానికే పెట్టుకోవాలి.

పోయిన నెల్లో మా డిస్పాచ్ కుర్రాడికి రివైజ్డ్ ప్యాకింగ్ లిస్ట్ అని మెయిల్ వచ్చింది. అట్టాంటివి రోజుకి రెండు మూడు వస్తానే ఉంటయి కాబట్టి అనుమానపళ్ళా. జిప్ విప్పితే లోపల పీడీఎఫ్ బొమ్మతో ఒక ఫైలు, నొక్కాడు, ఏం తెరుచుకోలా, మళ్ళీ నొక్కాడు, టీకి పోయాడు. తిరిగొచ్చేసరికి షేర్డ్ ఫోల్డర్లో మూడేళ్ళ బ్లాకు కొలతల షీట్లు, ప్యాకింగ్ లిస్టులు, స్లాబుల ఫొటోలు అన్నిటి పేర్ల చివరా ఏవో పిచ్చి అక్షరాలు, ఏదీ తెరుచుకోదు. అది పీడీఎఫ్ కాదు, ఈఎక్స్‌ఈ, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రామ్. పేరు చివరి ముక్క విండోస్ దాచిపెట్టుద్ది కదా, అందుకని కనపళ్ళా. యాంటీవైరస్ డబ్బులు కట్టిందే, ఆ రోజుకి అప్‌డేట్ కూడా అయి ఉంది.

బ్యాకప్ హార్డ్‌డిస్క్ పెట్టి 12 రోజులైంది. ఆ 12 రోజులవీ యార్డులో మార్కింగ్ పుస్తకాలు తెచ్చుకుని నలుగురం రెండు రాత్రులు కూర్చుని మళ్ళీ ఎక్కించాం. ఆ కుర్రాడు ఏడ్చాడు. మా సార్ మాత్రం ఒక్క మాట కూడా అనలా, నాకొచ్చినా నేనూ నొక్కేవాణ్ణే అన్నాడు, ఇంక మన పనికి కావాల్సినవి తప్ప ఏదీ నడవకుండా చేయమని నాకు చెప్పాడు.

నేను విండోస్‌లో ఇట్టాంటి కట్టడులు పెట్టే గ్రూప్ పాలసీలో ఫలానా ప్రోగ్రాములు నడపొద్దు అని ఉండే సెట్టింగ్ పట్టుకుని ఒక 60 పేర్లు రాశా, గేములు, టొరెంట్లు, రిమోట్ సాఫ్ట్‌వేర్లు అన్నీ. రెండో రోజే గేట్ పాస్ రాసే పిల్లలు ఒక గేమ్ ఫైలుకి టాలీ 2 అని పేరు మార్చి ఆడుకుంటన్నారు. ఆపాల్సిన వాటి పూర్తి లిస్టు ఎవరి దగ్గరన్నా ఉంటే ఇవ్వండి అన్నా. లేకపోతే దీనికి విడిగా ఏదన్నా కొనాలా?

నెల్లూరు_సిస్టమ్స్:

తమ్ముడూ, ఆ లిస్టు ఎవురి దగ్గరా ఉండదు, ఉన్నా రేపటికి పనికిరాదు. రొట్టెల పండగప్పుడు బారాషహీద్ దర్గా కాడికి వచ్చే అంత జనంలో దొంగల ఫొటోలు చేతిలో పట్టుకుని ఎతికినట్టు ఉంటది అది. అదే నీ ఇంటి తలుపు కాడైతే లోపలికి రావాల్సిన పది మంది మొహాలు నీకు తెలుసు, మిగతావాళ్ళు ఎవురన్న సంగతి నీకు అక్కర్లేదు. నువ్వు చెయ్యాల్సింది తలుపు పని. ఆపేవి రాయడం మానేసి నడవనిచ్చేవి రాయి, అవి మీ ఆఫీసులో పాతిక ముప్పై మించి ఉండవు.

నువ్వు పెట్టిన సెట్టింగ్ ఫైలు పేరు ఒక్కటే చూస్తది, అందుకే పేరు మారిస్తే పోయింది. పైగా అది ఎక్స్‌ప్లోరర్ లోంచి నొక్కితేనే ఆపుతది, కమాండ్ ప్రాంప్ట్ లోంచో టాస్క్ మేనేజర్ లోంచో పిలిస్తే అడ్డుకోదు. దాన్ని తీసెయ్.

విడిగా కొనాల్సింది ఏమీ లేదు. ఏ ప్రోగ్రాములు నడవాలో రూల్స్ రాసుకునే యాప్‌లాకర్ అనేది విండోస్‌లోనే ఉంది, విండోస్ 7 కాలం నుంచి, అంటే 2009 నుంచి ఉంది. ఒకప్పుడు ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ ఉంటే తప్ప రూల్స్ రాసుకోవడమే గానీ అమలయ్యేవి కాదు, అందుకే మన చిన్న ఆఫీసుల వాళ్ళు దాని మొహం చూళ్ళా. ఇప్పుడు ఆ అడ్డం తీసేశారు, విండోస్ 10 లో 2004 అనే నంబరు వెర్షన్ (అది సంవత్సరం కాదు) నుంచి అప్‌డేట్లు పడి ఉంటే చాలు, విండోస్ 11 అయితే అన్నీ సరే, ప్రోలో కూడా అమలైతది. హోమ్ ఎడిషన్‌లో లోకల్ సెక్యూరిటీ పాలసీ విండోనే ఉండదు, ఆ ఒక్కదాన్ని ప్రోకి మార్పించు.

అన్నిటికంటే ముందు పని ఇంకోటుంది. మీ 19 లో ఎన్ని కంప్యూటర్లలో రోజూ పనిచేసే అకౌంటే అడ్మిన్? అన్నీ అయి ఉంటాయి, నాకు తెలుసు, నేను వచ్చిన రోజు మా కాలేజీ ల్యాబుల్లోనూ అంతే. యాప్‌లాకర్ మామూలు రూల్స్ ఏం చెప్తాయంటే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లో ఉండేవీ విండోస్ ఫోల్డర్లో ఉండేవీ ఎవరైనా నడపొచ్చు, అడ్మిన్ అయితే ఎక్కడున్నదైనా నడపొచ్చు. దీని బలం అంతా ఇక్కడే ఉంది. మామూలు యూజర్ ఆ రెండు ఫోల్డర్లలోకి ఏదీ కాపీ చెయ్యలేడు, కాపీ చెయ్యగలిగిన డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్, పెన్‌డ్రైవ్ లోంచి ఏదీ నడవదు. మీ డిస్పాచ్ పిల్లోడు నొక్కిన ఫైలు డౌన్‌లోడ్స్ లోనో టెంప్ లోనో ఉండుంటది, అక్కడే ఆగిపొయ్యేది, పేరు ఏదైనా, బొమ్మ ఏదైనా. అదే యూజర్ అడ్మిన్ అయితే ఈ కట్టడం అంతా దండగ. కాబట్టి మొదటి వారం యాప్‌లాకర్ జోలికే పోవద్దు, ప్రతి కంప్యూటర్లో నీకొక అడ్మిన్ అకౌంటు చేసుకుని మిగతావాళ్ళని స్టాండర్డ్ యూజర్లుగా దించు.

తర్వాత రూల్స్ పెట్టేటప్పుడు ఆడిట్ ఓన్లీ అని ఒకటుంటది, ముందు అందులోనే పెట్టు. ఏదీ ఆపదు, ఆపాల్సి వచ్చేవి ఏంటో రాసిపెడతా ఉంటది అంతే. ఈవెంట్ వ్యూయర్లో యాప్‌లాకర్ కింద 8003 నంబరుతో పడతాయి, నిజంగా ఆపిన రోజున 8004 పడతాయి. వారానికోసారి అన్ని కంప్యూటర్ల 8003లు తీసి ఎక్సెల్లో వేసుకో, నీ ఆఫీసులో నిజంగా ఏం నడుస్తా ఉందో నీకు అప్పుడు తెలుస్తది. అప్లికేషన్ ఐడెంటిటీ అని ఒక సర్వీస్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే రూల్స్ ఉన్నా లేనట్టే. దాన్ని సర్వీసెస్ విండోలో ఆటోమేటిక్ చెయ్యబోతే యాక్సెస్ లేదంటది, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌సీ కమాండ్‌తో మార్చాలి, నేను దీని కాడ ఒక పూటంతా పోగొట్టుకున్నా. డొమైన్ లేకపోయినా ఇబ్బంది లేదు, ఒక కంప్యూటర్లో రూల్స్ చేసి ఎక్స్‌ఎమ్ఎల్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకుని మిగతా వాటిల్లో ఇంపోర్ట్ చెయ్యి.

పొదిలి_బాబు:

ఇంత తలనొప్పి అవసరమా బ్రో, ఇంకాస్త మంచి యాంటీవైరస్ కొంటే సరిపోద్ది కదా. పాతదాన్ని మార్చి చూడండి.

నెల్లూరు_సిస్టమ్స్:

బాబూ, యాంటీవైరస్ వద్దని నేను అన్లా, ఉండాలి. కానీ అదీ చెడ్డవాటిని గుర్తుపట్టే పనే చేస్తది, నిన్న రాత్రి పుట్టినదాన్ని ఇవాళ పొద్దున గుర్తుపట్టలేకపోవచ్చు, ఒంగోలు తమ్ముడికి జరిగింది అదే అనుకుంటా. అట్టాగే యాప్‌లాకర్ ఉంటే అప్‌డేట్లు మానెయ్యొచ్చు అనుకున్నా తప్పే. 2017 మే నెల్లో వాన్నాక్రై అనే ఫైళ్ళకి తాళం వేసే వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లకే తగిలింది గుర్తుందా, అది ఎవరో నొక్కితే పాకింది కాదు, విండోస్ ఫైల్ షేరింగ్‌లో ఉన్న కంత లోంచి తనంతట తనే దూరింది. ఆ కంత మూసే అప్‌డేట్ మార్చి నెల్లోనే ఇచ్చారు, వేసుకున్నవాళ్ళు బతికారు. దేని పని దానిదే.

కావలి_అకౌంట్స్:

నేను కంప్యూటర్ మనిషిని కాదు, అకౌంటెంట్‌ని. కానీ ఇట్టాంటిది మా ఆఫీసులో చేసినప్పుడు నష్టపోయింది మేము కాబట్టి మా వైపు సంగతి చెప్పాలనిపించింది.

మా దగ్గర సిస్టమ్స్ చూసే అబ్బాయి రెండు వారాలు ఆడిట్ పెట్టి అంతా బాగుంది అనుకుని లాక్ చేసేశాడు. ఆ రెండు వారాల్లో రిటర్న్‌లు వేసే తేదీలు పడలా. 11వ తేదీ జీఎస్‌టీఆర్-1, 20వ తేదీ 3బీ, రెండూ జీఎస్‌టీ రిటర్న్‌లు, ఈ రోజుల్లో మేం వాడేవి మామూలు రోజుల్లో ముట్టుకోం. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, అంటే మన సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటిది, పెట్టగానే పైకొచ్చే సాఫ్ట్‌వేరు ఒకటి, బ్రౌజర్‌కీ టోకెన్‌కీ మధ్యలో కూర్చునే సైనర్ ఇంకోటి. ఇంకా ఘోరం టీడీఎస్, అది మూడు నెలలకోసారి. రిటర్న్ తయారుచేసే యుటిలిటీ జిప్‌లో వస్తది, ఇన్‌స్టాల్ చేసేది కాదు, విప్పి ఫోల్డర్లోంచే నడుపుకుంటాం, అదీ జావా మీద. మాకు జులై 31 సాయంత్రం అది ఆగిపోయింది, ఆ అబ్బాయి ఆత్మకూరులో పెళ్ళిలో ఉన్నాడు, ఫోన్ ఎత్తలా. ఆలస్యమైతే రోజుకి 200 లేట్ ఫీజు, అది కట్టేది కంపెనీ అయినా మాట పడేది నేను.

అందుకని తమ్ముడూ, ఆడిట్ కనీసం ఒక క్వార్టర్ గడిచేదాకా ఉంచండి, లేదూ అంత ఆగలేను అంటే మీ అకౌంటెంట్ పక్కన ఒక గంట కూర్చుని నెలకోసారి ఏం వాడతారు, మూడు నెలలకోసారి ఏం వాడతారు, సంవత్సరానికోసారి ఆడిటర్ వచ్చినప్పుడు ఏం వాడతారు అని అడిగి రాసుకోండి. మీరు లాగ్‌లో చూసేది ఆ రోజుల్లో జరిగిందే, మేం ఏడాదంతా చేసేది మా బుర్రలో ఉంటది. ఇంకోటి, ఏదన్నా ఆగితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, మీరు ఊళ్ళో లేకపోతే ఎవరు తెరుస్తారు, అది ముందే చెప్పండి. లేకపోతే జనం వాళ్ళ దారి వాళ్ళు వెతుక్కుంటారు, ఇంటి లాప్‌టాప్ తెచ్చుకుని టోకెన్ దాంట్లో పెట్టుకుంటారు, మేం చేసింది అదే, తప్పని తెలిసీ చేశాం.

సింగరాయకొండ_రొయ్యలు:

మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. మాది రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, నా అనుభవం ఒకటి చెప్తా. నేను ఈఎక్స్‌ఈ రూల్స్ ఒక్కటే పెట్టి ఆదివారం రాత్రి ఎన్‌ఫోర్స్ చేశా, అంటే నిజంగా అమల్లో పెట్టా, సోమవారం పొద్దున కంటైనర్ పోవాల్సిన టైమ్‌కి స్టార్ట్ మెనూ తెరుచుకోవట్లా, కాలిక్యులేటర్ లేదు, స్టోర్ లోంచి వేసిన వాట్సాప్ లేదు. సంగతేందంటే ప్యాకేజ్డ్ యాప్స్ అని విడిగా ఇంకో రూల్ గుంపు ఉంటది, ఈఎక్స్‌ఈలకి అమలు పెట్టి దాన్ని ఖాళీగా వదిలేస్తే స్టోర్ తరహా యాప్‌లన్నీ ఆగిపోతయి. దాంట్లో కూడా డిఫాల్ట్ రూల్స్ క్రియేట్ చేయాలి, ఒక్క రైట్ క్లిక్ పని, అది తెలియక వే బ్రిడ్జి దగ్గర డ్రైవర్ రెండు గంటలు నిలబడ్డాడు. ఒక్క కంప్యూటర్లో, అదీ నీ సొంత దాంట్లో ఎన్‌ఫోర్స్ చేసి వారం వాడి చూడు, తర్వాత ఇద్దరిది, తర్వాత మిగతావి. శుక్రవారం, శనివారం పెట్టొద్దు.

గ్రానైట్_ఒంగోలు:

అందరికీ చాలా థాంక్స్, అక్కా మీ మాట బాగా పనికొచ్చింది, మా అకౌంటెంట్ గారి దగ్గర నిన్న సాయంత్రం కూర్చుంటే నేను ఎప్పుడూ వినని సాఫ్ట్‌వేర్లు ఏడు బయటపడ్డయి. ఇంకా మూడు డౌట్లు ఉన్నయి. మా టాలీ డి డ్రైవ్‌లో ఉంది, దాన్ని పాత్ రూల్‌తో, అంటే ఆ ఫోల్డర్లో ఉండేవన్నీ నడవనిచ్చే రూల్‌తో, వదిలితే చాలా? కట్టర్ దగ్గర విండోస్ 7 ని ఏం చేయాలి, దాని సాఫ్ట్‌వేరు కొత్త విండోస్ మీద నడవదు. మూడోది అడగడానికే మొహమాటంగా ఉంది, సార్ లాప్‌టాప్. అడ్మిన్ తీసేస్తానంటే ఏమంటాడో.

నెల్లూరు_సిస్టమ్స్:

డి డ్రైవ్ టాలీ ఫోల్డర్ మీద పాత్ రూల్ పెట్టావంటే ఎవరైనా దేన్నైనా ఆ ఫోల్డర్లో పడేసి నడుపుకోవచ్చు, గేట్ పాస్ పిల్లలు అదే రోజు కనిపెడతారు. పాత్ రూల్ ఎప్పుడూ మామూలు యూజర్ రాయలేని ఫోల్డర్‌కే పెట్టాలి. ముందు టాలీ ఈఎక్స్‌ఈ ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్ ట్యాబ్ ఉందేమో చూడు, ఉంటే పబ్లిషర్ రూల్ పెట్టు, ఫైలు ఎక్కడున్నా, వెర్షన్ మారినా కంపెనీ సంతకం చూసి వదుల్తది. సంతకం లేని పాత సాఫ్ట్‌వేర్లకి, ఉదాహరణకి మీ కొలతల ప్రోగ్రామ్ ఎవరో లోకల్‌గా రాసిచ్చింది అయి ఉంటే, హ్యాష్ రూల్ పెట్టుకో, హ్యాష్ అంటే ఆ ఫైలుకి వేలిముద్ర లాంటిది. ఆ ఫైల్లో ఒక్క అక్షరం మారినా కొత్త హ్యాష్ కావాలి, కాబట్టి రోజూ అప్‌డేట్ అయ్యేవాటికి హ్యాష్ పెట్టుకుంటే నీకు నిద్ర ఉండదు, పదేళ్ళుగా మారనివాటికి బ్రహ్మాండంగా ఉంటది.

విండోస్ ఫోల్డర్ అంతా భద్రం అనుకోబాక. దాని లోపల టెంప్, టాస్క్స్, ప్రింటర్ల స్పూల్ కింద కలర్ అనే ఫోల్డరు, ఇట్టాంటి వాటిల్లో మామూలు యూజర్ కూడా ఫైలు పెట్టగలడు. విండోస్ ఫోల్డర్ రూల్‌కి ఇవి మినహాయింపుగా ఎక్కించు. స్క్రిప్ట్ రూల్స్ కూడా ఆన్ చెయ్యి, బ్యాట్, వీబీఎస్, పవర్‌షెల్ ఫైళ్ళకి అది. విండోస్ లోనే ఉండే ఎమ్‌ఎస్‌హెచ్‌టీఏ అనే ప్రోగ్రామ్‌ని దొంగలు బాగా వాడతారు, మీ సాఫ్ట్‌వేర్లు దేనికీ అది అక్కర్లేదని ఆడిట్‌లో తేలితే ఆపెయ్. ఒక సంగతి మాత్రం మనసులో పెట్టుకో, జావాని వదిలావంటే జావా మీద నడిచే ప్రతి ఫైలునీ వదిలినట్టే, ఎక్సెల్ మాక్రోలని యాప్‌లాకర్ అసలు పట్టించుకోదు, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లూ అంతే. జావాని ఆ టీడీఎస్ చేసే ఒక్క కంప్యూటర్లోనే ఉంచు, మాక్రోలు ఆఫీస్ సెట్టింగ్స్‌లో విడిగా ఆపు. ఇంతకంటే గట్టిది కావాలంటే యాప్ కంట్రోల్ ఫర్ బిజినెస్ అని మైక్రోసాఫ్ట్‌దే ఉంది, కెర్నల్ స్థాయిలో ఆపుతది, మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఇప్పుడు దాన్నే వాడమంటారు. ఒక్కడివే చూసుకునేవాడివి, యాప్‌లాకర్ చేతికి అలవాటయ్యాక దాని గురించి ఆలోచించు.

కట్టర్ కంప్యూటర్ సంగతి. విండోస్ 7 కి 2020 జనవరితో సపోర్ట్ అయిపోయింది, 7 ప్రోలో యాప్‌లాకర్ అమలు కాదు. అంతకుముందు ఎక్స్‌పీ కాలం నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్ రిస్ట్రిక్షన్ పాలసీస్ దాంట్లో పనిచేస్తాయి, డిఫాల్ట్‌గా ఏదీ నడవదు అని పెట్టి ఆ కట్టర్ ప్రోగ్రామ్ ఒక్కదాన్ని వదులు. అంతకంటే ముఖ్యం దాని నెట్‌వర్క్ వైరు తీసెయ్యి. కొలతలు పెన్‌డ్రైవ్‌లో మోసుకోవాల్సి వస్తది, ఆ ఒక్క పనికే ఒక పెన్‌డ్రైవ్ పెట్టు.

మీ సార్ గురించి అంత భయపడబాక. నాకొచ్చినా నొక్కేవాణ్ణే అన్న మనిషి, ఆ మాటే గుర్తు చెయ్యి. బ్యాంకు పేమెంట్లు అప్రూవ్ చేసేది ఆ లాప్‌టాప్‌లోనే కదా, అన్నిటికంటే ముందు కాపాడాల్సింది అదే. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక కవర్లో రాసి సీల్ చేసి సార్ బీరువాలోనే పెట్టు, అధికారం తనదే అని తెలుస్తది, రోజువారీ అకౌంటు మాత్రం స్టాండర్డ్. మా కాలేజీలో ఈ కవరు పద్ధతి తోనే ఒప్పించా.

గ్రానైట్_ఒంగోలు:

మూడు వారాలైంది, ఎక్కడిదాకా వచ్చిందో చెప్తా. సార్ ఒప్పుకున్నాడు, కవరు బీరువాలో ఉంది. అందర్నీ స్టాండర్డ్ యూజర్లుగా దించా, ఆడిట్ నడుస్తంది, 11వ తేదీ, 20వ తేదీ రెండూ దాటాయి. మొదటి వారం 8003లు 1,400 పైన వచ్చినయి, భయమేసింది, కూర్చుని చూస్తే చాలావరకు అవే అవే, అడ్మిన్ లేకుండా ఎవరి అకౌంట్లో వాళ్ళు వేసుకున్న క్రోమ్, మీటింగ్ సాఫ్ట్‌వేర్లు. వాటిని తీసేసి అందరికీ కలిపి ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి ఎక్కించా, ఈ వారం 90 మాత్రమే.

కానీ ఆ 90 లో ఒకటి నాకు అర్థం కావట్లా అన్నా. గేట్ పాస్ కంప్యూటర్లో యాప్‌డేటా, అదే ప్రతి యూజర్‌కీ విడిగా ఉండే దాచిన ఫోల్డరు, దాని లోపల ఒక ఫోల్డరు, పేరు ప్రింటర్ డ్రైవర్ లాగా ఉంది, మాకు ఆ కంపెనీ ప్రింటర్ లేనే లేదు. సంతకం లేదు. రోజూ లాగిన్ అయిన నిమిషానికి నడుస్తంది, ఫైల్ తేదీ చూస్తే మాకు ఆ దెబ్బ తగలడానికి నాలుగు రోజుల ముందుది. డిలీట్ చేసేయనా?

నెల్లూరు_సిస్టమ్స్:

డిలీట్ చెయ్యబాక, షట్‌డౌన్ కూడా వద్దు. ముందు నెట్‌వర్క్ వైరు పీకు, వైఫై ఉంటే ఆపు. ఆ కంప్యూటర్లో ఎవరు ఏ మెయిల్, ఏ బ్యాంకు, ఏ పోర్టల్ లాగిన్ అయ్యారో అడిగి రాసుకుని ఆ పాస్‌వర్డ్‌లన్నీ వేరే దాంట్లోంచి మార్పించు, దాంట్లోంచి కాదు. అదే ఫోల్డరు పేరు మిగతా 18 లో ఉందేమో చూడు. లాగ్‌లు పెన్‌డ్రైవ్‌లోకి తీసి దాచిపెట్టు. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ వాళ్ళ 2022 ఆదేశాల ప్రకారం ఇట్టాంటివి తెలిసిన 6 గంటల్లోపు వాళ్ళకి రిపోర్ట్ చెయ్యాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, కాబట్టి సార్‌కి ఇప్పుడే చెప్పు, రేపు పొద్దున కాదు. ఎకౌంట్లో డబ్బులు ఏమన్నా పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి వెంటనే ఫోన్ చెయ్యి.

కావలి_అకౌంట్స్:

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఎప్పుడన్నా ఆ కంప్యూటర్‌కి పెట్టారేమో కూడా అడగండి తమ్ముడూ. పెట్టి ఉంటే పిన్ మార్చాలి.

గ్రానైట్_ఒంగోలు:

వైరు పీకేశా. సార్‌కి చెప్పా, రిపోర్ట్ మెయిల్ సాయంత్రం 5 లోపే పంపాం. డబ్బులేం పోలా. టోకెన్ ఒకసారి పెట్టారంట అక్కా, పోయిన నెల్లో అకౌంటెంట్ గారి కంప్యూటర్ ఆగిపోయిన రోజున, పిన్ ఆవిడ వాళ్ళ కంప్యూటర్లోంచి ఇప్పుడే మార్చారు. అదే ఫోల్డరు డిస్పాచ్ కంప్యూటర్లో కూడా దొరికింది, దానికీ వైరు తీశా. మా డిస్పాచ్ కుర్రాడు నా పక్కనే కూర్చుని మిగతా 17 చూడ్డానికి సాయం చేస్తన్నాడు, ఇప్పటికి 11 అయినయి, ఇంకెక్కడా లేదు. రాత్రికి మిగతావి కూడా చూసి ఇక్కడే రాస్తా.